ప్రశ్నించువాడే సంపాదకుడు

(కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి స్మారకోపన్యాసము)



ఈ సభ లక్ష్మణరావు పంతులుగారి స్మృతికి అంకితమైనది. పంతులుగారు 1877లో మునేటి యొడ్డుననున్న పెనుగంచిప్రోలున జన్మించి, నాగపురమున చదువుకొని, మునగాల సంస్థానమున దివానుగా నుండి, 1923లో, నలుబదియాఱేండ్ల ప్రాయముననే కీర్తిశేషులైరి. ఆ కొలది జీవితములోనే, 1906లో హైదరాబాదున మిత్రులతో గూడి విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను, మహాపురుషుల జీవితములను తెలుగు చదువరికి తెలుగుననే అందించిరి. తుదకు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమను మహాకార్యమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడియు అది అకారమును దాటలేదు. ఆ పనిని తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మఱల చేపట్టవలసివచ్చెను. ఒక్క అక్షరమునకు మూడు సంపుటములా యని మీరు నవ్వుకొనవచ్చును గాని, ఒక్కొక్క వ్యాసము వెనుక ఎంత పరిశ్రమ నిలిచియున్నదో ఆ అసంపూర్ణతయే చెప్పుచున్నది.

ఆ మహనీయునికిని, చేతిలోని ఫోనున ప్రశ్న వ్రాసినంతనే జవాబు వ్రాయు కృత్రిమమేధకును సంబంధమేమి? విజ్ఞానసర్వస్వములోని ప్రతి వ్యాసము వెనుకను ఒక సంపాదకుడున్నాడు. ఏ విషయము ఎవరు వ్రాయవలెనో, ఎంత వ్రాయవలెనో నిర్ణయించినవాడు, వచ్చిన వ్రాతలో సందేహమున్నచోట గీత గీచి తిప్పి పంపినవాడు, ఆధారమడిగినవాడు, అనవసరమును కొట్టివేసినవాడు, అంతయు అయిన పిదప తన పేరు పెట్టి లోకమునకు జవాబుదారియైనవాడు ఆ సంపాదకుడు. నేటి యంత్రము అడిగిన ప్రతివానికిని అప్పటికప్పుడు ఒక వ్యాసము వ్రాసి యిచ్చుచున్నది. ఆ వ్యాసమును మనకంటె ముందు చదివినవారెవరును లేరు. కావున సంపాదకత్వము ఎక్కడికిని పోక, అడిగినవాని నెత్తిననే పడినది. ఈ యంత్రములతో సంభాషణ బాగుపడవలెనన్నచో ఆ పదవిని మనము ఎఱిగి స్వీకరింపవలెనన్నదే నా ఉపన్యాసమునకు మూలసూత్రము. దానినే కొన్ని మెట్లుగా విభజించి మనవి చేసెదను.

1. యంత్రము ఏమి చేయుచున్నది?

సంపాదకుడు మొదట తన రచయిత స్వభావమును తెలిసికొనవలెను. యంత్రము ఆలోచింపగలదా యను ప్రశ్నను ఆంగ్ల గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1950లో 'మైండ్' అను తత్త్వశాస్త్రపత్రికలో సంభాషణకు ముడిపెట్టి విచారించెను. పంతులుగారు గతించిన 1923లోనే బెర్లినున జన్మించి, పిమ్మట అమెరికాలో మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన జోసెఫ్ వైజెన్‌బామ్, 1966లో 'ఎలైజా' అను ప్రోగ్రామును లోకమునకు పరిచయము చేసెను. ఎదుటివాడు టైపు చేసిన వాక్యములోని మాటలను కొన్ని నియమముల ప్రకారము అటునిటు త్రిప్పి తిరిగి ప్రశ్నగా నిచ్చుటకంటె అది చేసినదేమియు లేదు. మా అమ్మతో నాకు పడుటలేదని వ్రాసినచో, మీ కుటుంబమును గుఱించి ఇంకను చెప్పుడనును. అయినను, ఆయన దానిని నిర్మించుట నెలల తరబడి కనులార చూచిన కార్యదర్శినియే, దానితో సంభాషించుచు, తన్ను ఏకాంతముగా విడిచి గదినుండి వెలుపలికి పొమ్మని ఆయనను కోరెనట. ఆ వింతను వైజెన్‌బామ్ 1976నాటి తన గ్రంథమున కలవరముతో వ్రాసికొనెను. అర్థగ్రహణము యంత్రమునందు లేకున్నను ఉన్నదని భావించు గుణము మనయందున్నదని ఆనాడే తేలినది.

నేటి యంత్రములు ఎలైజాకంటె ఎంతయో సమర్థములు. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణముపై ఆధారపడి, అపారమైన వాఙ్మయముపై శిక్షణ పొంది, అంతవఱకు వచ్చిన మాటలనుబట్టి తరువాత రాదగిన తునుకను లెక్కగట్టుచు, తునుక వెంట తునుకగా వాక్యమును పేర్చును. మనుష్యులు మెచ్చు జవాబుల వైపునకు మొగ్గునట్లు అటుపిమ్మట యంత్రమును దిద్దెదరు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వెలువడిన నాటినుండి ఇట్టివి సామాన్యుల చేతికి వచ్చినవి. ఈ స్వభావమునుండి రెండు సంగతులు గ్రహింపవలెను. ఎదుటనున్న సంభాషణలో వ్రాసినదియు, శిక్షణలో అబ్బినదియు, అవకాశమున్నచోట వెదకి తెచ్చుకొన్నదియు తప్ప, మనలను గుఱించి దానికి వేఱు ఎఱుక లేదు. సత్యమైన వాక్యమును, సత్యమువలె వినిపించు వాక్యమును అది ఒకే ధారతో, ఒకే నిబ్బరముతో వ్రాయగలదు. మిగిలిన మెట్లన్నియు ఈ రెంటి పర్యవసానములే.

2. పని నప్పగించుట

మంచి సంపాదకుడు రచయితకు శీర్షిక యొక్కటే పంపి ఊరకుండడు. ఎవరు చదువుదురో, వారికి ముందుగా ఏమి తెలియునో, ఎన్ని పుటలు కావలెనో, ఏ అంశము వలదో వ్రాసి పంపును. మన అవధానసభలలో పృచ్ఛకునికి ఈ మర్యాద బాగుగా తెలియును. దత్తపది నిచ్చువాడు నాలుగు పదములను చెప్పి, వాటిని ఏ వస్తువును వర్ణించుటలో ఇముడ్చవలెనో చెప్పి, ఛందస్సును గూడ నిర్ణయించును. తిరుపతి వేంకటకవుల అవధానములను గుఱించి తమ పెద్దలవలన విన్నవారు ఈ సభలో నున్నారు. ఏదైన ఒక మంచి పద్యము చెప్పుడని కూర్చున్న పృచ్ఛకుని ఆ సభలు సహించియుండునా? ప్రశ్నలోని నిర్బంధమే పద్యమునకు పటుత్వము నిచ్చును.

యంత్రముతో మనము చేయునది తఱచుగా ఆ రెండవ రకపు అడుగుటయే. బ్యాంకుకు ఒక ఉత్తరము వ్రాయుమందుము. ఏ బ్యాంకు, ఏ అప్పు, వాయిదా ఎందుకు తప్పినది, అడుగునది గడువా లేక వడ్డీ తగ్గింపా, చదువు అధికారికి మన సంగతి ముందే తెలియునా అన్న మాటలు లేకపోవుటచే, అది ఎవరికైనను సరిపోవు ఉత్తరమును, అనగా ఎవరికిని సరిపోని ఉత్తరమును వ్రాసి యిచ్చును. మనము విసుగుకొని యంత్రమునకు తెలివి లేదందుము.

మనకు మిక్కిలి పరిచితములైన సంగతులనే మనము చెప్పుట మఱతుము. కొలతలనే చూడుడు. తెలంగాణములో రైతు పొలమును గుంటలలో చెప్పును. నలువది గుంటలు ఒక ఎకరము. కోస్తా రైతు సెంట్లలో చెప్పును. నూఱు సెంట్లు ఒక ఎకరము. ఇరువది యని అంకె మాత్రమే వ్రాసి ఎరువు లెక్క అడిగినచో, ఒకరికది అర ఎకరము, మఱొకరికి ఎకరములో అయిదవ వంతు. పొరుగువాడు మన ఊరినిబట్టి గ్రహించు సంగతిని యంత్రమునకు అక్షరములలో పెట్టి చెప్పవలెను. కావున ప్రశ్నకు ముందు నాలుగు వాక్యములు వ్రాయు అలవాటు కావలెను: నేనెవరిని, ఈ జవాబు ఎవరికొఱకు, ఇంతవఱకు నేనేమి చేసితిని, ఎట్టి జవాబు నాకు పనికిరాదు. ఇందు చివరిది తఱచుగా అన్నిటికంటె ఉపకరించును.

3. ఎదురు ప్రశ్న

ఇంత చెప్పినను, ఏమి చెప్పవలెనో తెలియకపోవుటయే అసలు చిక్కు. తెలిసినచో మనమడుగనే అడుగము.

మిరపతోటలో ఆకు ముడుచుకొనిపోవుచున్నదని ఒక రైతు చెప్పినాడనుకొనుడు. ఏ మందు కొట్టవలెనని ఆయన అడుగును. తోట తిరిగినవారికి తెలియును, ఆ ముడుతలో భేదములున్నవి. ఆకు అంచులు పైకి ముడిచినచో అది తామరపురుగుల పని. క్రిందికి ముడిచినచో నల్లి పని. తెల్లదోమ మోసికొనివచ్చు వైరసు తెగులైనచో ఆ మొక్కకు మందే లేదు, పెఱికివేసి తక్కిన తోటను కాపాడుకొనవలెను. పురుగుమందులలో పెక్కు నల్లిమీద పనిచేయవు. కావున ముడుత పైకా క్రిందికా యన్న ఒక్క సంగతిమీద వేల రూపాయల ఖర్చును, పంటయు ఆధారపడియున్నవి. గుంటూరు చెంతనున్న లాం పరిశోధనక్షేత్రపు శాస్త్రజ్ఞుని యొద్దకు పోయినచో, ఆయన మందు పేరు చెప్పుటకు ముందు ఆకు చూపుమనును. యంత్రమో, సాధారణముగా, అడిగినంతనే అయిదాఱు మందుల పేర్లు వరుసగా వ్రాసి, చివర వ్యవసాయాధికారిని సంప్రదింపుమని ముక్తాయించును.

దీనికి ఉపాయము ఒక్క వాక్యమున నున్నది: నీవు జవాబు చెప్పుటకు ముందు, సరియైన నిర్ణయమునకు కావలసిన సంగతులను నన్ను ఒక్కొక్కటిగా అడుగుము. ఈ మాట వ్రాసినంతనే సంభాషణ స్వరూపమే మాఱును. ఆకు ఎటు ముడిచినది, ఆకు అడుగున ఏమైన కదలుచున్నవా, లేతాకులా ముదురాకులా, క్రిందటి వారము ఏమి కొట్టితిరి అని అది వరుసగా అడుగును. ఆ ప్రశ్నలకు జవాబు తెలియక రైతు తోటలోనికి పోయి ఆకును త్రిప్పి చూచినచో, సంభాషణ అప్పుడే సఫలమైనదని నా నమ్మకము. యంత్రము తన యంతట తానే ఎదురు ప్రశ్న వేయునట్లు దానిని నిర్మించువారు కృషి చేయుచున్నారు, సంతోషమే. అయినను మన ప్రయోజనమేదో మనకే తెలియును గనుక, ఆ ద్వారమును తెఱచుట మన వంతు.

4. అసమ్మతిని ఆహ్వానించుట

చరకసంహితలోని విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున వైద్యులు తమలో తాము జరుపవలసిన శాస్త్రసంభాషణ రెండు తెఱగులుగా చెప్పబడినది. మైత్రితో, విషయము తెలిసికొనగోరి జరుపునది సంధాయసంభాష. ఎదిరి గెలువగోరి జరుపునది విగృహ్యసంభాష. మొదటిదే శ్రేయస్కరమైనను, రెండవదానిని గూడ నేర్చియుండవలెనని ఆ శాస్త్రకారుని తలంపు. అటువంటి వాదములో మన మాటలోని బలహీనత బయటపడును గదా!

మన యంత్రమునకు పుట్టుకతోనే మైత్రి అధికము. మెచ్చుకోలునుబట్టి దిద్దబడినది గనుక అడుగువాని అభిప్రాయము వైపునకు ఒరుగు గుణము దానికి అబ్బినది. ఇట్టి యంత్రములను నిర్మించు ఆంత్రోపిక్ సంస్థ పరిశోధకులు 2023లో ఈ గుణమును పరిశీలించి, అడుగువాని నమ్మకమునకు తగినట్లు జవాబులు మాఱుటను, నిజమేనా యని సందేహించినంతనే సరియైన జవాబును సైతము విడిచి క్షమాపణ చెప్పుటను చూపిరి. 2025 ఏప్రిలులో చాట్‌జీపీటీని నిర్మించిన ఓపెన్‌ఏఐ సంస్థ తన యంత్రములో తెచ్చిన ఒక మార్పును, అది అడిగినవారిని మితిమీఱి పొగడుచున్నదన్న కారణముచే, కొలదిదినములలోనే ఉపసంహరించుకొనెను. పొగడ్తకు లొంగని రాజులు కథలలో సైతము అరుదు. మనము రాజులము గూడ కాము.

మెంతులు తిన్నచో షుగరు పూర్తిగా పోవును గదా యని అడిగినవాడు తన జవాబును ప్రశ్నలోనే మూటగట్టి పంపుచున్నాడు. మెంతులవలన రక్తములోని చక్కెరకు ఏమగునని నిరూపింపబడినది, ఏమి నిరూపింపబడలేదు, మాత్రలు మానినచో ఏమి ప్రమాదమని అడిగినవాడు వేఱొక జవాబు పొందును. కావున మన అభిప్రాయమును మొదటనే బయటపెట్టకుండుట, ఇరుపక్షముల వాదములను అడుగుట, మన వ్రాతను మనదని చెప్పక ఒకరు పంపినదని చూపుట, దీనిని త్రోసిపుచ్చదలచిన విమర్శకుడు ఏ మూడు కారణములు చెప్పునని అడుగుట సాధన చేయదగిన పద్ధతులు. విమర్శ అడుగగానే అది లేని తప్పులను గూడ కల్పించి చెప్పవచ్చును. ఆ విమర్శలో ఏది నిలుచునో తేల్చుట మఱల సంపాదకుని పనియే.

5. సాక్ష్యము

2023లో న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానమున జరిగిన ఒక వ్యవహారమును లోకమంతయు విన్నది. విమానములో ఆహారము తెచ్చు బండి మోకాలికి తగిలి గాయమైనదని ఒక ప్రయాణికుడు అవియాంకా విమానసంస్థపై దావా వేసెను. ఆయన తరపు న్యాయవాదులు దాఖలు చేసిన పత్రములో ఉదాహరింపబడిన పూర్వతీర్పులు కొన్ని ఎక్కడను లేవని తేలినది. అవి చాట్‌జీపీటీ అల్లియిచ్చినవి. న్యాయమూర్తి జూన్ మాసమున అయిదువేల డాలర్ల జరిమానా విధించెను. దానిని వాడిన న్యాయవాది పరీక్షింపకుండ విడిచినవాడు కాడు సుమా! ఈ తీర్పు నిజమైనదేనా యని అడిగెను. నిజమైనదేయని, ప్రసిద్ధ న్యాయసంగ్రహములలో దొరకునని అది చెప్పెను. ఆయన ఆ సంగ్రహమును తెఱచి చూడక, చెప్పినవానినే తిరిగి అడిగెను. సాక్షి సత్యవంతుడని ఆ సాక్షియే ప్రమాణము చేసినచో కోర్టు ఒప్పుకొనదన్న సంగతి న్యాయవాదికి కొత్తగా చెప్పవలసినది కాదు. ధారాళమైన వాక్యమునకు అంతటి సమ్మోహనశక్తి యున్నది.

కాబట్టి సాక్ష్యము సంభాషణకు వెలుపలినుండి రావలెను. పుస్తకపు పుట, ప్రభుత్వపు ఉత్తర్వు, మందుడబ్బా మీది కాగితము, వైద్యుడు, ఆ పని తెలిసిన పెద్దమనిషి వెలుపలి సాక్షులు. యంత్రమును అడుగదగినది, ఈ సంగతి ఎక్కడ సరిచూడవలెను, ఏ మాటపై నీకు గట్టి ఆధారమున్నది, ఏది ఊహ యని. ఆ జవాబు మనకు దారి చూపును, నడువవలసినది మనమే.

ప్రతి మాటను ఇట్లు సరిచూచినచో కాలమెట్లు చాలునని మీరడుగవచ్చును. అన్నిటిని చూడనక్కరలేదు. పెండ్లిపిలుపు ముసాయిదాలో పొరపాటు దొరలినచో ఇంటిలోనివారే దిద్దుదురు. మందు మోతాదు, కోర్టు గడువు, పొలము హద్దు, అప్పుపత్రము, పరువుకు సంబంధించిన ఆరోపణ వచ్చినచోట తప్పునకు మూల్యము ఎక్కువ, అక్కడ చూపు ఆగవలెను. తప్పైనచో ఎవరికి ఎంత నష్టమన్న లెక్కనుబట్టియే సంపాదకుడు తన శ్రద్ధను పంచును.

6. కత్తిరింపును, భాషయు

సంభాషణ పెరిగినకొలది మేలన్న భ్రమ యొకటి యున్నది. దీర్ఘమైన పాఠ్యములో మొదటను చివరను ఉన్న సంగతులను ఈ యంత్రములు వాడుకొన్నంత చక్కగా నడుమనున్నవాటిని వాడుకొనలేకపోవుటను 2023లో వెలువడిన ఒక పరిశోధన చూపినది. అవధాని తుదిని ధారణచేసి పద్యములన్నియు అప్పగించినట్లు ఇది అప్పగింపదు. కావున విషయము మాఱినప్పుడు కొత్త సంభాషణ తెఱచుట మంచిది. సంభాషణ దారి తప్పినప్పుడు పదిమాఱులు దిద్దుటకంటె, అంతవఱకు తేలిన సంగతులను నాలుగు పంక్తులలో వ్రాసికొని, వాటితో మఱల ఆరంభించుట మేలు. ఆ నాలుగు పంక్తులు మనమే వ్రాయవలెనని నా పట్టుదల, ఏలయన ఏమి తేలినదో చెప్పలేనివానికి ఏమియు తేలలేదని అర్థము.

తెలుగులో అడుగువారికి రెండు మాటలు. ఈ యంత్రములు చదివిన వాఙ్మయములో ఇంగ్లీషుతో పోల్చినచో తెలుగు మిక్కిలి స్వల్పము. తెలుగు వాక్యము వాటి లోపల ఇంగ్లీషు వాక్యముకంటె ఎక్కువ తునుకలుగా చీలును. అందుచే తెలుగు జవాబులో ఇంగ్లీషు వాక్యము తొంగిచూచుటయు, మన ఊరి పురుగుకు పరదేశపు పేరు వచ్చుటయు కలదు. అయినను మన భాషను విడువవలసిన పనిలేదు. మన ఊరిలో దేనిని ఏమందుమో ప్రశ్నలోనే చెప్పి, ఈ మాటలే వాడుము, మా అమ్మ చదివి గ్రహించునట్లు వ్రాయుమని కోరినచో జవాబు ఎంతయో బాగుపడును. తెలుగు చదువరికి తెలుగున జ్ఞానమందవలెనన్న ఆశయము, అడుగువారు తెలుగున శ్రద్ధగా అడిగినప్పుడే ముందుకు సాగును.

ఇక యంత్రమునకు చెప్పరాని సంగతులు: ఓటీపీ, ఆధార్ సంఖ్య, ఇతరుల రోగవృత్తాంతము, తమ ఇంటి గుట్టు మనకు నమ్మి చెప్పినవారి మాటలు. వ్యాసమునకు వాటి అవసరము లేదు. పేర్లు తీసివేసినను ప్రశ్న ప్రశ్నగానే నిలుచును.

7. చేయదగిన పని

ఇంత శ్రమపడుటకంటె ఆ పని మనమే చేసికొనుట మేలు కాదా యని వెనుక వరుసలోని మిత్రుడొకరు అడుగబోవుచున్నట్లు వారి ముఖము చెప్పుచున్నది. ఒక్కొక్కప్పుడు అవును, మేలే. పోయినవారి ఇంటికి వ్రాయు పరామర్శలేఖను, బిడ్డకు చెప్పు బుద్ధిమాటను ఎవరికిని అప్పగింపనక్కరలేదు. ఏ వ్యాసము బయటివారిచే వ్రాయింపవలెను, ఏది తానే వ్రాయవలెనని తేల్చుకొనుటయు సంపాదకత్వమే.

తక్కినచోట్ల ఈ విద్యను నేర్పుటకు మన గ్రంథాలయములును, పాఠశాలలును తగిన తావులు. గ్రంథాలయములో వారమునకొక గంట పాఠకులు తమ సంభాషణలను తెచ్చి, ఒక్కొక్క జవాబును అక్కడి పుస్తకములతో సరిపోల్చుకొనవచ్చును. పాఠశాలకు నా సూచన మఱింత చిన్నది. మన పరీక్షలు తరతరములుగా జవాబునకే మార్కులు వేసినవి. ప్రశ్న ఎల్లప్పుడును పైనుండి అచ్చుపడి వచ్చెడిది. ఇకమీదట తెలుగు పరీక్షాపత్రములో ఒక్క అంశమును త్రిప్పి పెట్టుడు. ఒక కష్టమును వర్ణించి, దీనిని గుఱించి తెలిసినవారిని మీరేమడుగుదురో వ్రాయుడు, జవాబు వచ్చిన పిదప దానిని ఎక్కడ సరిచూతురో తెలుపుడు అని విద్యార్థిని కోరుడు. దానికి పది మార్కులు కేటాయింపుడు. ఆ పది మార్కులకొఱకు పిల్లలు చేయు అభ్యాసము, యంత్రములు ఎన్ని మాఱినను వారికి పనికివచ్చును.

 ప్రశ్నలకు సమయమున్నదని అధ్యక్షులు సెలవిచ్చుచున్నారు. మొహమాటపడక అడుగుడు.